పై అంతస్తు పిల్లి, కింది అంతస్తు తిండి

ఈ పత్రం చదివేవారికీ, చదవకుండానే అభిప్రాయం చెప్పేవారికీ తెలియజేయునది:

వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే కార్యాలయంలో నిర్వచనాల శాఖాధికారిణిగా పనిచేసి విరమించుకున్న, అవివాహితనైన, రెండంతస్తుల ఇంటిలో పై అంతస్తున కాపురముంటున్న నేను, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా వినే అలవాటు మొదటినుంచీ లేదు గనుక ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లను ఇందుమూలంగా రాయిస్తున్నాను. నా మనస్సు నిలకడగా ఉన్నదని వైద్యుడు ధ్రువపరిచాడు. గుండె, మూత్రపిండాల విషయంలో ఆయన అంత ఉదారంగా లేడు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. అటువంటివేమీ లేవు, ఆ వాక్యం లేకపోతే న్యాయవాదికి నిద్ర పట్టదట.

1. నిర్వచనాలు. పదాన్ని ముందు నిర్వచించకుండా వాడటం నాకు చేతకాదు. ఈ పత్రంలో 'పిల్లి' అనగా బూడిదరంగు చారలు గల ఆడపిల్లి. నేను 'దొరసాని' అనీ, కింది అంతస్తువారు 'బుడంకాయ్' అనీ పిలిచేది. రెండు పేర్లకూ పలకనిది. 'తమ్ముడు' అనగా నా ఒక్కగానొక్క తోబుట్టువు, గడియారాలు బాగుచేసేవాడు, తన ఇంట్లో మాత్రం ఎన్నడూ వేళకు అన్నానికి రానివాడు. 'మరదలు' అనగా అతని భార్య, వృత్తిచేత దర్జీ. వీరిద్దరూ కింది అంతస్తున ఉంటారు. 'మెట్లు' అనగా రెండు అంతస్తులనూ ఇంటి లోపలినుంచే కలిపే చెక్క మెట్లు; 'మలుపు' అనగా వాటి మధ్యలో పిల్లి పడుకునేటంత చదును. 'మాట్లాడుట' అనే పదాన్ని కూడా నిర్వచించబోయి విరమించాను. కారణం నాలుగవ అంశంలో ఉన్నది.

2. స్థిరాస్తి. పై అంతస్తు మొత్తం, దక్షిణపు కిటికీతో సహా, తమ్ముడికీ మరదలికీ ఉమ్మడిగా చెందవలసినది. కిటికీ గడియ సరిగా పడదు. వాన వచ్చేముందు దాన్ని ఎత్తి, లోపలికి నెట్టి, తిట్టి, తరువాత వేయాలి. తిట్టడం మానితే పడదని అనుభవం.

3. అమలు అధికారి. ఈ పత్రాన్ని అమలుపరిచే బాధ్యత మా శాఖలో నా పక్కబల్ల సహోద్యోగి అయిన 'కామా' గారిది. ఇతరులు రాసిన వాక్యాల్లో కామాలు చేర్చడమే ఆయన జీవితకృషి. నా పెద్ద నిఘంటువు ఆయనకు. 'అ' నుంచి 'క్ష' దాకా ఎవరైనా చదివారంటే ఆయనే, అదీ తప్పులు పట్టడానికి. నా పదవీ విరమణ సభలో నన్ను 'నిర్వచించలేని వ్యక్తి' అన్నారు. పొగడ్తో తెగడ్తో నేటికీ తేలలేదు. ఆయన వివరణ ఇవ్వదలిస్తే నా దహనానికి ముందే ఇవ్వవలసినది.

4. మాట్లాడుట. మరదలు కాపురానికి వచ్చిన కొత్తలో, తన పుట్టింటివారందరూ చూస్తుండగా, ముచ్చటపడి పిల్లి ముందు పాలగిన్నె పెట్టింది. ఎదిగిన పిల్లులకు చాలావాటికి పాలు అరగవనీ, పొట్ట పాడవుతుందనీ, ఈపాటి సంగతి చదువుకున్నవారికి తెలిసి ఉండాలనీ నేను చెప్పాను. మొదటి రెండూ శాస్త్రం. మూడవది శాస్త్రం కాదు.

తరువాత కొన్నాళ్ళకు ఆమె పిల్లికి తన కంచంలోని పులుసు పెట్టింది. అందులో ఉల్లిపాయలున్నాయి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం. నేను ఆ పళ్ళెం లాక్కుని తొట్టిలోకి విసిరాను. పళ్ళెం పగిలింది. అది ఆమెకు వాళ్ళమ్మ ఇచ్చినది, ఆకుపచ్చ అంచుది. అప్పుడామె అన్నది: "పిల్లికి ఏం పెట్టాలో మీకు బాగా తెలుసు వదినా. మనిషితో ఎలా మాట్లాడాలో కూడా ఎవరైనా చెప్పుంటే బాగుండేది." మా మధ్య ముఖాముఖి మాటలు అక్కడితో ఆఖరు.

అయితే ఒకే ఇంట్లో ఉన్నవారు మాట్లాడుకోకుండా బతకడం సాధ్యం కాదు. అందువల్ల పిల్లితో మాట్లాడటం మొదలైంది. ముందు ఎవరు మొదలుపెట్టారన్నది వివాదాంశం. మలుపులో పిల్లి పడుకుని ఉండగా ఆమె కిందినుంచి, వీధి చివరిదాకా వినబడేలా, "ఏమే బుడంకాయ్, పైన ఇవాళ కూడా ఉడకేసిన కోడి పీచేనా? రా తల్లీ, నాలిక్కి రుచి తగిలి ఎన్నాళ్ళయిందో!" అనేది. నేను పైనుంచి, "వెళ్ళు దొరసానీ, వెళ్ళు. సంచిలోంచి ఎండు గుళికలు గలగలా పోస్తే దాన్ని వంటంటారట, నేర్చుకుని రా" అనేదాన్ని. "అంత పెద్ద ఉద్యోగం చేసి చివరికి పిల్లికి వంటమనిషయ్యారని చెప్పవే!" అని జవాబు వచ్చేది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. మనుషులు పిల్లికి చెప్పుకునే శాపాలకు కూడా ఏమీ తెగలేదు. తమ్ముడు చెవిలో భూతద్దం పెట్టుకున్నవాడిలా ఏదీ వినకుండా గడియారాల్లో తలదూర్చేవాడు. "ఈ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. తెలివైనది ఒక్కతే, అది నోరు తెరవదు" అని మాత్రం న్యాయవాదితో అన్నాడట.

తగాదాలకే గాక కార్యకలాపాలకు కూడా ఈ మార్గమే వాడుకలో ఉండేది. కొళాయి మేస్త్రీ ఎప్పుడు వస్తాడో, తమ్ముడికి జ్వరం తగ్గిందో లేదో, నా కళ్ళజోడు ఎక్కడ దొరికిందో అన్నీ పిల్లి ద్వారానే తెలిసేవి. ఒక మధ్యాహ్నం మరదలు మలుపు దాకా వచ్చి, చిన్న గొంతుతో, "ఏమే, మా అమ్మ పోయిందే" అన్నది. నేను పై మెట్టు మీద నిలబడి ఉన్నాను. "దొరసానీ, వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చో" అన్నాను. పిల్లి వెళ్ళి కూర్చుంది. నేను వెళ్ళవలసిన చోటికి పిల్లిని పంపాను. ఈ పత్రంలో మరే వాక్యమైనా కొట్టివేయవచ్చు గాని ఇది కొట్టివేయరాదు.

5. పిల్లి సంరక్షణ. నా అనంతరం పిల్లిని మరదలికి అప్పగిస్తున్నాను. ఆమెకు పిల్లి మీద ప్రేమ లేదని నేను ఏనాడూ అనలేదు. ఆమె ప్రేమకు పోషక విలువ చాలదని మాత్రమే అన్నాను. షరతులివి.

(అ) పిల్లి మాంసాహారి. ఈ విషయంలో దానితో గాని ప్రకృతితో గాని వాదించి ప్రయోజనం లేదు. కోడిమాంసం ఉడికించి, ఎముకలన్నీ తీసి పెట్టాలి. ఉడికిన ఎముక చీలికలై గొంతులో గుచ్చుకుంటుంది. చేప కూడా అంతే, ముల్లు తీసి. కాలేయం అప్పుడప్పుడు, అదీ చిటికెడు. ఎక్కువైతే అదే రోగం. ఉప్పు, కారం, నూనె, తాలింపు ఏవీ వద్దు.

(ఆ) మలబద్ధకం ఉన్న రోజున ఉడికించిన గుమ్మడి ముద్ద ఒక చెంచా. పిల్లి దాన్ని చూసి మొహం తిప్పుకుంటుంది. మాంసం కింద దాచాలి. మన ఇంట్లో అన్ని సంగతులూ అలాగే జరిగాయి గనుక ఇది కష్టం కాదు.

(ఇ) తిండి పిల్లి ఒంటి వేడిలో ఉండాలి. చల్లనిది అది ముట్టదు. దానికి రుచి సగం వాసనే. నీళ్ళగిన్నె వెడల్పుగా, తిండిగిన్నెకు దూరంగా ఉండాలి. మీసాలు అంచుకు తగలడం దానికి చిరాకు.

(ఈ) కొత్త తిండి ఏదైనా పాతదానిలో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయాలి. ఒక్కసారిగా మార్చరాదు. ఎవరినైనా సరే.

(ఉ) పొట్లం కొనేటట్టయితే ముందువైపు బొమ్మ చూడరాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. మొదటి పదార్థం ఏదో ఒక మాంసం పేరై ఉండాలి. మొక్కజొన్నో గోధుమో అయి ఉంటే అది పొలం, తిండి కాదు. 'సహజమైనది' అన్న మాటను అసలు పట్టించుకోరాదు. ఆ మాట పొట్లం మీద ఎప్పుడు వేయవచ్చో తేల్చడానికి మా కార్యాలయం వేసిన సంఘానికి నేనే అధ్యక్షురాలిని. ఎలుక సహజాహారమా అన్న ప్రశ్న దగ్గర సంఘం రెండుగా చీలింది. పొట్లాల తయారీదారుల ప్రతినిధి, ఎలుకకు పోషక విలువల పట్టిక లేదని అభ్యంతరం చెప్పాడు. ఎన్నో సమావేశాల తరువాత 'సహజమైనది అనగా అసహజము కానిది' అని ఏకగ్రీవంగా ఆమోదించి, టీ తాగి లేచాము. అది నేటికీ అమలులో ఉన్నది.

6. చరాస్తి, చిల్లర వస్తువులు. పిల్లి వంటకు వాడిన బరువు మూత గల గిన్నె, చేప రెక్కలు కోసే కత్తెర మరదలికి. నీలం అంచు పళ్ళేలు ఆరు, పెట్టెలోంచి తీయనివి, మరదలికే. ఆకుపచ్చ అంచు కోసం ఊళ్ళోని సామాను దుకాణాలన్నీ తిరిగాను. ఆ రకం చేయడం మానేశారన్నారు. నీలం కొని, ఇవ్వకుండా, మంచం కింద పెట్టాను. రంగు కలవలేదన్నది సాకు.

చేపలమ్మే ఆవిడకు నా భూతద్దం. తాజా చేపకు కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉంటుందని ఆమెకు వారం వారం చెబుతూనే వచ్చాను. "కన్ను నన్ను చూడక్కర్లేదమ్మా, మీ పిల్లిని చూస్తే చాలు" అనేది. ఇక తీరిగ్గా ఆ కళ్ళలోకి చూడవచ్చు.

తమ్ముడికి నా గోడగడియారం. అది అతను బాగుచేసి ఇచ్చిన నాటినుంచీ వెనకబడే నడుస్తోంది. సమయం చూడటానికి కాదు, ఆత్మపరిశీలనకు.

7. వైద్యపరమైన వివరణ. పిల్లికి ముసలితనం వచ్చాక దాన్ని పశువైద్యురాలికి చూపించాను. రక్తం, కళ్ళు, గుండె అన్నీ పరీక్షించి ఆమె ఆశ్చర్యపోయింది. "ఈ వయసుకి ఇంత బాగా ఉండటం అరుదండీ. తిండి ఎవరు చూస్తారు?" అన్నది. నేనే అని మొదలుపెట్టి, కింద గుళికల సంగతి కూడా చెప్పవలసి వచ్చింది. ఆమె లెక్కవేసి తేల్చినదేమంటే: ఇంట్లో వండిన మాంసం ఒక్కటే అయితే సున్నపు పదార్థమూ మరికొన్ని పోషకాలూ తక్కువై పిల్లి ఎముకలు పెళుసుబారేవి, ఎండు గుళికలు ఒక్కటే అయితే నీరు చాలక మూత్రపిండాలు చెడేవి. రెండూ కలిసి అది పరిపూర్ణ భోజనమైంది. "ఎవరో బాగా ఆలోచించి ఏర్పాటు చేశారు" అన్నది. ఒకరినొకరు ఓడించాలని ఇద్దరు చేసిన కృషి తప్ప ఇందులో ఆలోచన ఏమీ లేదని నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చి పై మెట్టు మీద నిలబడి, "దొరసానీ, కింద పెట్టే గుళికల్లో కూడా ఏదో ఉందటే. నువ్వు బతికింది వాటివల్ల కూడానట" అన్నాను. కుట్టుమిషను ఆగింది. తరువాత, "బుడంకాయ్, పైన వండేదాంట్లో నీళ్ళుంటాయి కాబట్టే నీ కిడ్నీలు నిలిచాయంట కదా. నేనూ ఆ డాక్టరమ్మకి ఫోను చేసి అడిగాన్లే" అని వినబడింది. అప్పటికి నా కుడికాలు రెండవ మెట్టు మీద ఉన్నది. దిగి ఉంటే సరిపోయేది. మిషను మళ్ళీ మొదలైంది. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

8. సవరణ. పై అంశాలు రాయించిన తరువాత, శుద్ధప్రతి తయారయ్యేలోగా పిల్లి మరణించినది. మలుపులో ఎండ పడేచోట, నిద్రలో. తమ్ముడు దాన్ని పెరట్లో పాతిపెట్టాడు. నేను పై కిటికీలోంచి, మరదలు కింది గుమ్మంలోంచి చూశాము. ఇద్దరం ఏమీ అనలేదు. అనడానికి మధ్యలో ఎవరూ లేరు.

ఐదవ అంశం కొట్టివేయాలా అని న్యాయవాది అడిగాడు. వద్దన్నాను. ఉద్దేశించిన జీవి లేని నిబంధనలు మా కార్యాలయంలో ఎన్నో సజీవంగా ఉన్నాయి.

9. తదనంతర పరిణామాలు. మరునాడు ఉదయం ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉన్నది. ఇకమీదట ఇలాగే ఉంటుందని, కొళాయి మేస్త్రీ ఎప్పుడు వచ్చేదీ తెలియకుండానే నేను పోతానని నిశ్చయించుకున్నాను. మబ్బు పట్టింది. అప్పుడు కిందినుంచి, "బుడంకాయ్! పైన కిటికీ వేసుందేమో చూడవే, వాన ముంచుకొస్తోంది" అని వినబడింది. నేను కిటికీని ఎత్తి, నెట్టి, తిట్టి వేశాను. గొంతు సరిచేసుకుని, ఖాళీ మలుపు వైపు చూస్తూ, "కింద బట్టలు తీశారో లేదో చూడు దొరసానీ" అన్నాను.

నాకు ఉప్పు పూర్తిగా మానమని వైద్యుడు చెప్పిన సంగతి తమ్ముడి ద్వారా కిందికి చేరినట్టుంది. ఆ వారంలోనే మలుపులో మూతపెట్టిన గిన్నె ఒకటి కనిపించింది. "తినవే, వేడిగా ఉండగానే తిను. వద్దన్నవేవీ వెయ్యలేదు" అన్నది గొంతు. మూత తీశాను. ఎముకలు తీసిన కోడిమాంసం, అడుగున దాచిపెట్టిన గుమ్మడి ముద్ద, ఒంటి వేడిలో. నా షరతులన్నీ ఆమెకు ఎలా తెలుసునో నేను అడగలేదు. ఇన్నేళ్ళు మెట్ల మీదనుంచి అరిచి చెప్పింది నేనే. తిన్నాను. దానికి ఏ రుచీ లేదు. పిల్లి రోజూ కిందికి ఎందుకు పోయేదో అప్పుడు అర్థమైంది. గిన్నె మొత్తం తిన్నాను.

బాగుందని చెప్పాలనుకున్నాను. లేని పిల్లితో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, ఉన్న మనిషితో చెప్పడానికి కాళ్ళు రాలేదు. కడిగిన గిన్నెను మలుపులో పెట్టి వచ్చాను. అప్పటినుంచీ రోజూ అదే జరుగుతున్నది.

10. మిగిలినది. పైన పేర్కొనని వస్తువులు ఏవైనా ఉంటే అవి కూడా కింది అంతస్తుకే పోవలసినవి. నా తరువాత మెట్లకు అడ్డంగా గోడ గాని తలుపు గాని కట్టరాదు. ఆ అవసరం ఎవరికి కలుగుతుందో నాకు తెలియదు. మనుషుల మీద నమ్మకం లేక రాస్తున్నాను.

11. సాక్షుల విషయం. ఇది చదివి సంతకాలు చేసే వేళకు, రెండవ సాక్షిగా రావలసిన పశువైద్యురాలు ఒక కుక్క ప్రసవం కష్టమైందని వెళ్ళిపోయినది. కామా గారు ఇక్కడే ఉన్నారు గాని, ఈ పత్రం కింద ఏదైనా పొందేవారు సాక్షి సంతకం చేస్తే వారికి రాసినదీ, వారి భార్యకో భర్తకో రాసినదీ చెల్లవని న్యాయవాది చెప్పగానే, నిఘంటువు వదులుకునే ప్రసక్తి లేదని చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. నేను అలవాటు కొద్దీ మెట్ల దగ్గరకు వెళ్ళి, "దొరసానీ, సంతకానికి ఒక మనిషి కావాలి. వీధిలో ఎవరైనా ఉంటే పంపమను" అన్నాను.

మిషను ఆగింది. అడుగుల చప్పుడు వీధి వైపు పోలేదు. మెట్లెక్కింది. మలుపు దాటింది.

వస్తున్నది ఎవరో చూసి న్యాయవాది లేచి నిలబడి, ఆమె సంతకం చేస్తే ఏమేమి పోతుందో అంశాలవారీగా వివరించాడు. మెడలో కొలత టేపుతో, వేలికి తొడుగుతో నిలబడి ఆమె అంతా విన్నది. "అంటే నాకూ మా ఆయనకూ ఏమీ రాదు, అంతే కదండీ? మనిషి ఎదురుగా కూర్చునుంటే ఆవిడ గిన్నెలూ గోడలూ నాకెందుకు. పెన్నివ్వండి" అన్నది. తరువాత నా వైపు తిరిగింది. నేల వైపు కాదు, మలుపు వైపు కాదు. "ఇవాళ్టి గిన్నె ఇంకా కిందికి రాలేదేం వదినా? తినలేదా?"

తిన్నానని చెప్పాను. బాగుందని కూడా చెప్పాను. ఆ రెండవ మాటలో నిజం లేదు. ఇది ప్రమాణపత్రం గనుక నమోదు చేయిస్తున్నాను.

కావున 2, 6, 10 అంశాల్లో తమ్ముడికీ మరదలికీ రాసినవి చెల్లవు. ఐదవది ఎటూ పిల్లితో పాటే పోయింది. పై అంతస్తు చట్టరీత్యా ఏకైక తోబుట్టువైన తమ్ముడికే చేరుతుందనీ, ఈ పత్రం రాయకపోయినా అంతే జరిగేదనీ న్యాయవాది ఇప్పుడు చెబుతున్నాడు. నా ఉద్యోగకాలంలో తయారుచేసిన పత్రాలన్నీ చెల్లాయి. వాటిలో ఒక్కటీ ఎవరినీ ఒక్క మెట్టు ఎక్కించలేదు. ఇది చెల్లని పత్రం. దీన్ని ఆ పళ్ళెం పగిలిన రోజునే రాయవలసింది.

చదివించుకుని, విని, సరేనని ఒప్పుకుని, స్వహస్తాలతో చేసిన సంతకం.

తేది: 23 అక్టోబరు 2025, గురువారం.

(సంతకం)
వీలునామాకర్త, నిర్వచనాల శాఖాధికారిణి (విశ్రాంత), పై అంతస్తు

సాక్షులు:

1. (సంతకం) న్యాయవాది. ఫలితం ముందుగా తెలియజేసిన మీదట.

2. (సంతకం) మరదలు, దర్జీ, కింది అంతస్తు. సంతకం చేసిన తరువాత కూడా పై అంతస్తులోనే కూర్చుని ఉన్నది.